మూల కోసిన గుడ్డ

పోయినవారం కథ ఆపింది ఫ్రీమాంటిల్లో, ఒక చిన్న మ్యూజియం వెనక తలుపు ముందు, కారు దిగనని కూర్చున్న రాయప్ప అంకుల్ దగ్గర. ఆయన్ని దించేముందు, మధ్యలో వచ్చి కూర్చున్నవాళ్ల కోసం సంగతేమిటో టూకీగా చెప్పేస్తాను. వారం వారం చదివేవాళ్లు ఈలోగా స్టవ్ మీద పాలు చూసుకుని రండి.

నేను శేషుకుమారిని. నలభై తొమ్మిదేళ్లు. పెర్త్‌లో ఉన్న పాతిక తెలుగు కుటుంబాలూ నన్ను డాక్టర్ ద్వారకానాథ్ గారి భార్య అంటాయి, వేరే పేరున్నట్టు చాలామందికి తెలియదు. పిల్లలిద్దరూ చదువులకి సిడ్నీ వెళ్లిపోయాక నేను యూనిలో పీహెచ్‌డీకి చేరాను. యూరప్ వాళ్లు మూడు నాలుగు వందల ఏళ్ల కిందట ఇళ్లూ వాకిళ్లూ వదిలి, ఓడలేసుకుని లోకం మీద ఎందుకు పడ్డారు? అదీ నా విషయం. చేరిన రోజు మా ఆయన నవ్వారు. మార్చిలో సెమినార్ తప్పాక నవ్వడం మానేసి, పోనీలే శేషూ ఇంక వదిలెయ్ అన్నారు. ఆ జాలి కంటే ఆ నవ్వే నయం.

వచ్చే సోమవారం రెండో సెమినార్. ఇది కూడా తప్పితే యూనిలో నా పేరు కొట్టేస్తారు. ఈ 1988లో దేశమంతా ఓడల పండగ. ఇంగ్లీషు ఓడలు సిడ్నీలో దిగి రెండొందల ఏళ్లయిందని జనవరి నుంచీ ఒకటే బాణసంచా. మా గైడు కాలిన్ మాత్రం ఆ హడావిడి పట్టించుకోడు. మిరియాలకీ లవంగాలకీ వచ్చారని స్కూలు పిల్లలు కూడా చెబుతారు, నువ్వు కొత్తగా ఏం చెబుతావు అని అడుగుతాడు. నేను చెప్పేది ఇది: లవంగాలు పండే దీవులవాళ్లు డచ్చివాళ్ల వెండిని పెద్దగా ఖాతరు చెయ్యలేదు, వాళ్లు మోజుపడింది మన బందరు తీరం అద్దకం గుడ్డల మీద, అందుకే మిరియాల కోసం బయల్దేరిన ఓడలు మన గుమ్మంలో ఆగాయి. రుజువేది అంటాడు కాలిన్.

రుజువు ఈ మ్యూజియంలో ఉంది. పెద్ద మ్యూజియం కాదు లెండి, ఒక సొసైటీవాళ్లు పాత ఊలు గోదాములో నడుపుకునేది. ఇక్కడికి ఉత్తరాన, ఒడ్డున ఇసుక మేటలో ఎప్పుడో అరవై ఏళ్ల కిందట గొర్రెల కాపరికి ఒక సీసపు రేకు పెట్టె దొరికింది. మునిగిపోయిన డచ్చి ఓడలోదని అందరూ ఒప్పుకున్నారు. అందులో ఒక చేతిరుమాలంత గుడ్డ ఉంది. చూడగానే నా ప్రాణం మనదే మనదే అంది. కానీ కాలిన్ రెండో ప్రశ్న నా నోరు మూయించింది. ఇక్కడ మునిగిన ఓడలు హాలండ్ నుంచి జావా వైపు పోతున్నవి. అమ్మకానికి పంపిన బందరు గుడ్డయితే హాలండ్ వైపు పోవాలి. మరి ఇది అట్నుంచి ఎందుకొస్తోంది? ఆర్నెల్లుగా దానికి నా దగ్గర జవాబు లేదు.

ఇంక రాయప్ప అంకుల్. ఆయనది బందరు పక్కన పెడన. ముప్పై అయిదేళ్లు వచ్చేదాకా తండ్రితో అద్దకం పని చేసి, పని పడిపోయాక మిషను ఆసుపత్రిలో కాంపౌండరుగా చేరి రిటైరై, డెబ్బయ్యో ఏట కూతురు మరియరాణి దగ్గరికి వచ్చాడు. ఆ అమ్మాయి ఇక్కడ నర్సు. రెండు నెలల కిందట వాళ్ల పెరట్లో బార్బీ, అదే బార్బెక్యూ విందు, అయితే వెళ్లాను. నేను కట్టుకున్న కలంకారీ చీర కొంగు పట్టి చూసి, "ఈ ఎరుపు సీసాలోదమ్మా, వేరుది కాదు," అన్నాడాయన. కెమికల్ రంగని అర్థం, రెండు వేలు పోసి కొన్న చీరకి. కోపం వచ్చింది, తరవాత సోమవారం గుర్తొచ్చింది. అప్పట్నుంచీ బతిమాలితే ఈ గురువారం మధ్యాహ్నానికి ఒప్పుకున్నాడు. మ్యూజియంలో పాత గుడ్డల సంగతి చూసుకునే హెలెన్ మాకు రెండింటి నుంచి మూడింటిదాకా టైమిచ్చింది.

ఇప్పుడు రెండూ పదయింది. ఆయన సీటు బెల్టు తియ్యలేదు.

విషయమేమిటంటే దారిలో నేను మిరియాల కథంతా చెప్పాను. ఆయనకి అది మింగుడుపడలేదు. మిరియాలా, అని నాలుగుసార్లు అన్నాడు. మా మరియరాణి వంటింట్లో హార్లిక్స్ సీసాలో పడుంటాయి, వాటికోసం ఏడాదిపాటు నీళ్లమీద చచ్చి బతుకుతారా అన్నాడు. అక్కడ అవి ఎంత ఖరీదో చెప్పాను. సరే, ఓడ షావుకారు మిరియాలకొచ్చాడు, ఒప్పుకున్నా, మరి తాళ్లు లాగినవాడెందుకొచ్చాడు అన్నాడు. వాడికి మిరియం గింజ ఒక్కటైనా ఇస్తారా? ఇవ్వరని నాకు తెలుసు. ఆకలికొచ్చినవాళ్లున్నారు, పోలీసులకి దొరక్కుండా ఎక్కినవాళ్లున్నారు, పెళ్లాం పోరు పడలేక ఎక్కినవాళ్లు కూడా ఉండే ఉంటారు అన్నాను. మా తాతలకి జ్ఞానస్నానం ఇచ్చిన సామి ఇటలీ నుంచి వచ్చాడట, ఆయన దేవుడి కోసం వచ్చానన్నాడట, అని తనే అందుకున్నాడు. సముద్రం అవతల ఏముందో చూడాలని వచ్చిన పిచ్చివాడు ఒక్కడైనా ఉండడా అన్నాడు.

"మీరెందుకొచ్చారమ్మా ఈ దేశం?" అని అడిగాడు ఉన్నట్టుండి.

మా ఆయనకి ఉద్యోగం వచ్చింది కాబట్టి అన్నాను. మీ ఆయన ఉద్యోగానికొచ్చారు, మీరు ఆయన వెంట వచ్చారు, నేను మనవరాలిని ఎత్తుకోవడానికొచ్చాను, మా అమ్మాయి నర్సింగుకొచ్చింది, విమానం మాత్రం ఒకటే అన్నాడు. విమానంలో వాళ్లందరూ ఉద్యోగానికే వచ్చారని ఎవరైనా పుస్తకం రాస్తే మీకు ఒళ్లు మండదా అని అడిగాడు.

మండుతుంది. ఆ క్షణంలో ఆయన మీద మండింది. పన్నెండు నిమిషాలు పోయాయి, మీరు దిగితే ఆ ఓడలో ఎవడెందుకొచ్చాడో ఆ గుడ్డనే అడుగుదాం అన్నాను. ఆ మాట ఆయనకి నచ్చినట్టుంది, బెల్టు తీశాడు. సముద్రం గాలికి కండువా చెవుల చుట్టూ చుట్టుకుని లోపలికి నడిచాడు.

హెలెన్ పొడుగ్గా, ఎప్పుడూ ఏదో తుడుస్తూ ఉండే మనిషి. బల్ల మీద తెల్ల కాగితం పరిచి, సొరుగులోంచి గుడ్డని అట్టతో సహా తీసి పెట్టింది. ముట్టుకోవద్దంది. రాయప్ప అంకుల్ ముట్టుకునే ప్రయత్నమేమీ చెయ్యలేదు. ముందు బేసిన్ దగ్గరికెళ్లి మోచేతులదాకా చేతులు కడుక్కున్నాడు. ముట్టుకోనివాడికి చేతులెందుకు కడగాలో నాకు అర్థం కాలేదు. తరవాత లైటు ఆర్పమన్నాడు. కిటికీ వెలుతుర్లో పక్కనించి, బల్ల అంచుకి గడ్డం ఆనించి చూశాడు.

అయిదు నిమిషాలు అయింది. ఆయన కాదంటే సోమవారం నేను అక్కడికి వెళ్లడమే దండగ.

మనదేనమ్మా అన్నాడు.

ఎలా చెబుతున్నారంటే చూపించాడు. గుడ్డ మీద తీగలూ పూలూ ఉన్నాయి కదా, ఆ తీగల నల్లగీతలు ఉన్నచోట గీత లేదు, సన్నటి చీలికలున్నాయి. బెల్లం నీళ్లలో ఇనుప ముక్కలు నానేసి చేసే నల్ల అది, ఏళ్లు గడిచేకొద్దీ గుడ్డని తినేస్తుంది అన్నాడు. పూలకి పటిక పెట్టి వేరుతో ఉడికించారు, అందుకే ఎరుపు అలాగే నిలబడింది. నేను ఇంగ్లీషులో చెబుతుంటే హెలెన్ గబగబా రాసుకుంది. నా మొహం వెలిగిపోయి ఉంటుంది. నాకు కావలసింది దొరికింది. మిగిలిన అరగంట వదిలేసి, హెలెన్‌కి థాంక్స్ చెప్పి, ఆయన్ని తీసుకెళ్లి కాఫీ ఇప్పిద్దామనుకున్నాను.

"ఈ మూల ఎవరు కోశారమ్మా?"

గుడ్డ కింది కుడి మూల గోరంత ముక్క లేదు. కొత్త కత్తెర కోత, అంచు ఇంకా పదునుగానే ఉంది.

ఇక్కడ నేనొక తప్పు చెప్పుకోవాలి. సెప్టెంబరులో రంగు పరీక్ష చేయించమని హెలెన్ వెంట పడింది నేనే. మెల్‌బోర్న్‌లో ఒక లాబ్ ఉంది. ఏ రంగో తేల్చాలంటే గుడ్డ ముక్కని యాసిడ్‌లో కరిగించాలట. ఎక్కణ్ణుంచి కోయమంటావు అని హెలెన్ అడిగింది. ఆ మూల నల్లగా మరకపడి ఉంది. ఎలాగూ మరకే కదా, డిజైను పాడవదు, అక్కడ కోసెయ్ అన్నాను. ముప్పై ఏళ్లుగా చీరలు కొంటున్నదాన్ని, ఏది పనికొస్తుందో ఏది పనికిరాదో నాకు తెలియదా అనుకున్నాను.

హెలెన్‌కి తెలుగు రాదు. వాళ్లే కోశారండీ అంటే అయిపోయేది. ఆయన మొహం చూశాక ఆ మాట రాలేదు.

"నేనే కోయించాను అంకుల్. మరక అనుకున్నాను."

ఆయన అరవలేదు. కుర్చీ వెనక్కి జరుపుకుని కూర్చున్నాడు. గుడ్డ కొనేవాళ్లు బొమ్మ చూస్తారు, చేసేవాళ్లు మూల చూస్తారమ్మా అన్నాడు. అది మరక కాదు, ఇంటి గుర్తు. నాలుగైదు ఇళ్లవాళ్లు కలిసి ఒకే కాగులో ఉడికిస్తారు, ఒకే కాలవలో ఉతుకుతారు. ఎవరి గుడ్డ ఎవరిదో తేలాలి కాబట్టి, కాగులో వెయ్యకముందే మూల, గుడ్డని తినని నల్లజీడి రసంతో, ప్రతివాడూ తన గుర్తు గీస్తాడు. చాకలి గుర్తులాంటిదే. పైసగం ఏ కాగుదో చెబుతుంది, కిందిసగం ఏ ఇంటిదో చెబుతుంది. అక్షరాలు రాకముందే మా నాయన నాచేత పలక మీద దిద్దించింది ఆ గుర్తులే, తాత గీసిందే మనవడూ గీస్తాడు, పదకొండు ఇళ్లవి నాకిప్పటికీ నోటికొచ్చు అన్నాడు.

ఇంటి పేరు రాసున్న చోటు వెతికి మరీ కోయించానన్నమాట.

హెలెన్‌కి చెబితే ఆవిడ నాలాగా కంగారుపడలేదు. లాబ్‌వాళ్లకి అంత అక్కర్లేదని ఆ ముక్కని రెండు చేసి సగమే పంపానంది, మిగతా సగం కవరులో వేసి బీరువాలో పెట్టానంది. తెచ్చింది. భూతద్దం కింద గోట్లో సగమంత ఎర్రటి ముక్క. దాని మీద నల్లగా అర్ధచంద్రంలాంటి వంపు, దాని కింద నిలువుగా రెండు గీతలు మొదలై, అక్కడే కత్తెరకి తెగిపోయాయి.

"పైసగం," అన్నాడు రాయప్ప అంకుల్. "ఇల్లు పోయింది."

అయినా ఆయన కళ్లు దాని మీంచి కదల్లేదు. ఇది ఇక్కడ ఉండకూడదే అన్నాడు తనలో తనే. ఎందుకుండకూడదని అడిగాను. ఆయన చెప్పింది విన్నాక నా పీహెచ్‌డీ నా కళ్లముందే తలకిందులైంది. అద్దకం అంతా అయ్యాక షావుకారు మూట కట్టేముందు ఆ మూల కత్తిరించేస్తాడట. గుర్తున్న గుడ్డంటే ఇంకా పని మిగిలిన గుడ్డని అర్థం, అటువంటిది ఏ షావుకారూ ఓడకెక్కించడు. అంటే ఇది అమ్మకానికి పోయిన సరుకు కాదు. షావుకారు చేతిలో పడనే లేదు. గుర్తు అలాగే ఉందంటే గీసినవాడు గుడ్డతోనే ఉన్నాడని.

కాదంకుల్, పొరపాటున మర్చిపోయి ఉంటారు అన్నాను. నా గొంతు నాకే నచ్చలేదు. నా చాప్టరంతా అమ్మకం సరుకు మీద కట్టింది, ఎనభై పేజీలు.

ఆయన నాతో వాదించలేదు. ఆ పెట్టెలో ఇంకేం దొరికాయో అడగమన్నాడు. హెలెన్ పుస్తకం తీసి చదివింది: ఒక కొమ్ము దువ్వెన, వెదురు పుల్లలు మూడు, సామాను కదలకుండా అడుగున కుక్కిన ఎండుగడ్డి. గడ్డి చూపించమన్నాడు. గడ్డిని ఎవరడుగుతారని హెలెన్ నవ్వుతూనే అట్టపెట్టె తెచ్చింది. సన్నటి, ఎండిన, ఇసుకరంగు పోగులు. రాయప్ప అంకుల్ వంగి వాసన చూశాడు. పెట్టె అడుగున రాలిన నుసి చిటికెడు కావాలన్నాడు, ఒక సాసర్లో నీళ్లు, కాసింత సున్నం కావాలన్నాడు. సున్నం ఫ్రీమాంటిల్లో ఎక్కణ్ణుంచి తెస్తాం? హెలెన్ ఆలోచించి, టీ రూములోంచి కేకుల్లో వేసే సోడా పొడి తెచ్చింది.

ముగ్గురం సాసరు మీదికి వంగాం. నుసి వేస్తే నీళ్లు లేత పసుపుగా తిరిగాయి. సోడా వేశాడు. ఏమీ కాలేదు. హెలెన్ ఏదో అనబోయింది, ఆయన చెయ్యి అడ్డం పెట్టాడు. అప్పుడు అంచుల దగ్గర మొదలైంది, నెమ్మదిగా, పసుపు కాస్తా ఎరుపులోకి దిగింది.

"చిరివేరు," అన్నాడు. "గడ్డి కాదు. మన సముద్రపు ఇసకలో దొరికే ఎర్ర అద్దకం వేరు. వెదురు పుల్లలు కూడా వట్టి పుల్లలు కాదమ్మా, అద్దకం కలాలు."

హెలెన్ బల్ల పట్టుకుని నిలబడింది. అరవై ఏళ్లుగా ఈ గడ్డి మీద దుమ్ము దులుపుతున్నామంది. నేను లెక్క కలుపుకుంటున్నాను. వేరు, కలాలు, గుర్తు తెగని గుడ్డ. అమ్మేవాడి పెట్టె కాదు, చేసేవాడి పెట్టె. మిరియాల కోసం బయల్దేరారు, మిరియాల కోసం గుడ్డ కొన్నారు, చివరికి గుడ్డ చేసే మనిషినే ఎక్కించుకుపోయారు, ఆ పని తమ ఊళ్లో చేయించుకోవడానికి.

అట్నుంచి ఎందుకొస్తోందని కాలిన్ అడిగిన ప్రశ్న అప్పుడు గుర్తొచ్చింది. ఓడ హాలండ్ నుంచి వస్తోంది. జావా వైపు పోతోంది. జావా నుంచి మన తీరానికి ఓడలు తిరిగేవి. ఆ మాటే రాయప్ప అంకుల్‌కి చెప్పాను.

"అయితే ఇంటికి పోతున్నాడమ్మా," అన్నాడు. "తాళ్లు లాగినోడు ఎందుకొచ్చాడో నాకు తెలీదు గానీ, ఈడు మాత్రం ఇంటికి పోదామని ఎక్కాడు."

నాకు ఏడుపొచ్చింది. చెప్పడానికేం సిగ్గు లేదు. ఇక్కడికి వచ్చి పదహారేళ్లు, ఎప్పుడూ అలా రాలేదు.

ఏడుస్తూనే ఒక పాడు ఆలోచన కూడా వచ్చింది, అదీ చెప్పేస్తాను. ఈ గదిలో జరిగింది ముగ్గురికే తెలుసు. గుడ్డ బందరు తీరానిదని రాయప్ప అంకుల్ తేల్చాడు, సోమవారానికి అది చాలు, ఎనభై పేజీలూ అలాగే ఉంచి ఒడ్డున పడొచ్చు. గుర్తు సంగతి చెబితే మూడు రోజుల్లో మొత్తం తిరగరాయాలి, పైగా సగం ముక్కని నేనే పోగొట్టానని నలుగురి ముందూ ఒప్పుకోవాలి. ఆయన నా మనసు చదివినట్టు, మీకు కావలసినంతే రాసుకోండమ్మా, నేనెవరికీ చెప్పను అన్నాడు. ఆ మాట అనకపోతే ఏం చేసేదాన్నో. అన్నాక ఇంక దాచడం నావల్ల కాలేదు.

లాబ్‌లో మన ముక్క ఎప్పుడు కరిగిస్తారని హెలెన్‌ని అడిగాను. డైరీ తిప్పింది. రేపు, శుక్రవారం ఉదయం తొమ్మిదికని రాసుంది. గడియారం చూశాను, మూడూ పది. ఇంకా బోలెడు టైముందనుకున్నాను. హెలెన్ తల అడ్డంగా ఊపింది. మెల్‌బోర్న్‌లో ఇప్పుడు ఆరూ పది, వాళ్లు అయిదింటికే తాళం వేసుకుపోతారు. ఈ దేశంలో పదహారేళ్లుండి కూడా ఈ మూడు గంటల తేడా నాకు ఎప్పుడూ అవసరానికి గుర్తుండదు. రేపు వాళ్లు తలుపు తీసేసరికి మనకి తెల్లవారుజాము ఆరు అవుతుంది, అప్పుడు ఫోన్ చెయ్యి అంది. ఊరుకోలేక ఇప్పుడే చేస్తానన్నాను.

టీ రూములో గోడకున్న ఫోన్. మోగుతోంది. పది, పదకొండు, పన్నెండు. రాయప్ప అంకుల్ నా పక్కన నిలబడి, సోడా పొడి పడిన బల్ల మీద వేలితో ఆ అర్ధచంద్రం గీశాడు, దాని కింద రెండు గీతలు దించాడు, అక్కడ వేలు ఆపాడు. కిందిసగం ఉంటే చాలు, ఏ ఇల్లో చెప్పేస్తాను అన్నాడు. చెబితే ఏమవుతుంది అంకుల్, ఆ ఇంట్లో ఇప్పుడెవరుంటారు అన్నాను ఫోన్ చెవికి పెట్టుకునే.

ఇరవయ్యోసారి ఎవరో ఎత్తారు. ఒక మగగొంతు, ఆయాసపడుతోంది. నేను పెర్త్ అన్నాను, సెప్టెంబరు అన్నాను, గోట్లో సగమంత గుడ్డముక్క అన్నాను.

ఆ చిన్న ఎర్రముక్కా, అన్నాడతను. రేపు నాకు సెలవు కావాలి, అందుకని దాని పని ఈ సాయంత్రమే మొదలుపెట్టాను. ఉండండి, చూసొస్తాను.

రిసీవరు బల్ల మీద పెట్టిన చప్పుడు, అడుగులు దూరంగా వెళ్లిన చప్పుడు. ఎక్కడో గాజు గాజుకి తగిలింది.

"ఎవరో ఒకరుంటారమ్మా," అన్నాడు రాయప్ప అంకుల్. బల్ల మీద తెగిన ఆ రెండు గీతల కింద ఆయన వేలు ఇంకా అలాగే ఉంది. "తిరిగొస్తున్నాడని ఆళ్లకి తెలీదు కదా. ఎల్లినోడు మమ్మల్ని మర్చిపోయాడనే అనుకునుంటారు. కబురు చెప్పాలి కదా."

ఫోన్లో అడుగులు వెనక్కి వస్తున్నాయి.